పర్యాటన విద్యయందు పట్టము



గడచిన వేసవిలో ఒకనాటి సాయంకాలము నేను మా యింటి అరుగుపై గూర్చుండియుండగా, మా యూరి రైతొకరు తమ కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చిరి. ఆ బాలిక ఇంటర్మీడియట్ పరీక్షయందు కృతార్థురాలైనది. "అయ్యవారూ! ఇది టూరిజము చదువుదునని పట్టుబట్టి కూర్చున్నది. ఊళ్లు తిరుగుటకు కాళ్లును డబ్బును ఉండవలెను గాని, మూడేండ్ల చదువెందులకు? మీరొక్కమాట గట్టిగా చెప్పిన మానుకొనును" అని వారు నన్ను కోరిరి. బాలిక స్తంభమును ఆనుకొని, తలవంచుకొని నిలుచున్నది.

ఆ ఒక్కమాట నేను పూర్వమొకమాఱు చెప్పియుంటిని. 2013లో, నేనింకను ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా నున్నప్పుడు, నా శిష్యుడొకడు ఇదే చదువు కోరెను. వాని తండ్రి నా సలహా యడిగెను. నేను క్షణమైన నాలోచింపక, "అది తిరుగుబోతుల చదువు, వలదు" అంటిని. నా మాటమీది గౌరవముచేత తండ్రి వానిని ఇంజనీరింగు కళాశాలలో చేర్చెను. వాని మనస్సు అందు నిలువలేదు. రెండేండ్లు పరీక్షలు తప్పి, చదువు విడిచి, తిరుపతిలో అద్దెకారు నడుపుట కారంభించెను. కొన్నియేండ్ల తరువాత దర్శనము ముగించుకొని కొండ దిగివచ్చి నేనెక్కిన కారు వానిదే యయ్యెను. అతడు నన్ను గుర్తించి, పాదములంటి, బాడుగ పుచ్చుకొననని మొండిచేసెను. నన్నొక్క నిష్ఠురమైనను ఆడలేదు. ఆడియుండిన నాకు కొంత నెమ్మది కలిగెడిది.

ఆ కారులో ముందరి అరయందు కొన్ని పుస్తకములుండెను. అవి ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము వారి పర్యాటన పట్టపు పాఠములు. 1985లో స్థాపితమైన ఈ విశ్వవిద్యాలయము ఇంటనుండియే చదువుకొని పట్టము పొందుటకు వీలు కల్పించినది. మూడేండ్ల చదువును ఆఱేండ్లవఱకు పొడిగించుకొనవచ్చును. నా శిష్యుడు ప్రయాణికులు గుడిలోనికి పోయి వచ్చులోపల, చెట్టునీడను కారు నిలిపి, ఈ పాఠములు చదువుకొనుచుండెను. నేనొక పుస్తకము అరువడిగి తెచ్చుకొంటిని. ముప్పదియేండ్లు పాఠములు చెప్పినవాడను, పుస్తకము తెఱవకమునుపే ఒక విద్యను నిందించితినిగదా యని, దానిని చదువుచున్నంతసేపు సిగ్గుపడుచునే యుంటిని. పిమ్మట నా మనుమరాలే నెల్లూరిలో ఈ చదువున చేరినది. ఆమె పుస్తకములను గూడ సెలవులలో తిరుగవేసితిని. ఇప్పుడు నేను చెప్పబోవునది ఆ తీరున నేర్చుకొన్నదే.

మొదట 'పర్యాటకుడు' అనగా ఎవడో తెలిసికొనవలెను. తాను నిత్యము మెలగు చోటు విడిచి, ఒక సంవత్సరమునకు మించకుండ అన్యస్థలమునకు పోయి, అక్కడివారివద్ద కొలువు చేసి జీతము గడించుట తప్ప మఱి యే పనిమీద నున్నను, అక్కడ ఒక్క రాత్రియైన బసచేసినవాడు పర్యాటకుడని శాస్త్రకారుల నిర్ణయము. కావున తిరుమలకు పోయి సత్రములో బసచేసినవాడును, చెన్నపట్టణమునకు వైద్యమునకై పోయి నాలుగునాళ్లు నిలిచినవాడును, దూరపు చుట్టముల యింట పెండ్లికి పోయినవాడును పర్యాటకులే. కెమెరా మెడను వ్రేలాడవేసికొన్న తెల్లదొర మాత్రమే పర్యాటకుడని నేను చిరకాలము భ్రమపడితిని. మనలో ప్రతివాడును ఏదో యొకనాడు పర్యాటకుడైనవాడే. ఆనాడు మనకు నీరు దొరకినదా, బస దొరకినదా, ఎవడైన మోసగించెనా యనునదే ఈ శాస్త్రమునకు విషయము.

ఈ విద్య మనకు క్రొత్తదియు గాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి బయలుదేరి, కాశికి పోయి, తూర్పుతీరము వెంట 1831 సెప్టెంబరు 3వ తేదీకి ఇల్లు చేరిరి. వారి 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయ్యెను. చదివినవారికి తెలియును: ఏ మజిలీకి ఏ మజిలీ యెంత దూరము, దారి యిసుకయా, రాయియా, ఊరిలో అంగళ్లు గలవా, నీరు మంచిదా, దిగుటకు చోటు గలదా యని వారు పూసగ్రుచ్చినట్లు వ్రాసియుంచిరి. నా మనుమరాలు తరగతిలో వ్రాయు 'ఇటినరరీ', అనగా ప్రయాణక్రమ పత్రిక, ఇదియే. అయితే వీరాస్వామయ్యగారు తమ పరివారమునకై చూచుకొన్నదానిని, తొమ్మిది పదియేండ్ల తరువాత ఇంగ్లండులో థామస్ కుక్ అను నాతడు పరులకొఱకు చేసిపెట్టుట కారంభించెను. 1841 జూలై 5వ తేదీన సుమారు 500 మందిని, మనిషికొక షిల్లింగు చొప్పున పుచ్చుకొని, రైలులో లెస్టరునుండి లఫ్‌బరోకు మద్యపాన నిషేధపు సభకు కొనిపోయెను. పరుల ప్రయాణమునకు తాను పూచీపడుట యనునది వచ్చినపిదప దానికొక శాస్త్రము కావలసివచ్చెను. 1942లో హుంజికర్, క్రాఫ్ అను ఇద్దఱు స్విట్జర్లండు పండితులు దీనిపై సిద్ధాంతగ్రంథము వ్రాసిరి. మన దేశమున కేంద్రప్రభుత్వపు పర్యాటక శాఖ క్రింద 1983లో ఇందుకొక ప్రత్యేక సంస్థ ఏర్పడినది. దాని ప్రధానస్థానము గ్వాలియరు. శాఖలలో నొకటి మన నెల్లూరియందున్నది. హైదరాబాదులో 2004లో రాష్ట్రప్రభుత్వము వారు పర్యాటక, ఆతిథ్య విద్యలకు మఱియొక సంస్థను నెలకొల్పిరి.

ఇంటర్మీడియట్ ఏ శాఖలో చదివినవారైనను ఈ పట్టమునకు సాధారణముగా అర్హులే. చదువు మూడేండ్లు, ఆఱు సెమిస్టరులు. 2020 నాటి జాతీయ విద్యావిధానము తరువాత పలుచోట్ల నాలుగవయేడు గూడ చదువుటకు వీలున్నది. ఏమి చదువుదురు? భూగోళము, దేశచరిత్ర, శిల్పము, జమాఖర్చుల లెక్కలు, వ్యాపారధర్మములు, చట్టము, ఒక విదేశభాష. విమానపు టిక్కెట్టు పద్ధతి యొకటి. ప్రపంచములోని విమానాశ్రయములకు మూడక్షరముల సంకేతములున్నవి, హైదరాబాదు హెచ్.వై.డి., విశాఖపట్టణము వి.టి.జెడ్. మా మనుమరాలు వీనిని అమరకోశము వల్లించినట్లు వల్లించుచుండును. అది యటుండనిచ్చి, లెక్కల సంగతి కొంత విరివిగా చెప్పవలెను. ఏలయనగా అందు నాకు స్వానుభవము గలదు.

1994లో నేను మా పాఠశాల పిల్లలను మూడునాళ్ల విహారయాత్రకు నాగార్జునసాగరము, శ్రీశైలము తీసికొనిపోవ సంకల్పించితిని. బస్సు బాడుగ 6,000 రూపాయలు. 40 మంది వత్తురని యెంచి, తలకు 150, తిండికి 60, వెరసి 210. పై ఖర్చులకు మఱి 10 చేర్చి 220 రూపాయలు నిర్ణయించి ప్రకటించితిని. తీరా బయలుదేరు వేళకు వచ్చినవారు 27 మంది. వసూలైనది 5,940. బస్సు బాడుగ తగ్గదుగదా! తిండి ఖర్చు 1,620తో కలిపి మొత్తము 7,620 అయ్యెను. తక్కువపడిన 1,680 రూపాయలు నా జేబునుండి పెట్టితిని. అంతటితో పోలేదు. మేము నాగార్జునకొండ చేరినది శుక్రవారము. ఆనాడు అక్కడి ప్రదర్శనశాలకు సెలవు. పిల్లలు మూసిన తలుపులు చూచి తిరిగివచ్చిరి. ఆ బౌద్ధశిల్పములను గూర్చి నేను నెలదినములు పాఠము చెప్పి, వారిని ఊరించి, కొనిపోయియుంటిని.

ఈ కథ మా మనుమరాలికి చెప్పగా, ఆమె నవ్వి, కాగితముపై రెండు గీతలు గీచినది. "తాతయ్యా! బస్సు బాడుగ ఎందఱు వచ్చినను మాఱనిది. తిండి మనిషినిబట్టి మాఱునది. ఈ రెంటిని వేఱుచేసి, ఎంతమంది వచ్చిన నష్టము రాదో ముందు తేల్చుకొనవలెను. మీ లెక్కలో తలకు 220లో తిండి 60 పోగా మిగులునది 160. ఆ లెక్కన 6,000 పూడవలెనన్న 38 మంది కావలెను. అంతమంది ముందుగా రొక్కము కట్టినగాని బస్సు కుదుర్చుకొనరాదు. ఇక సెలవుదినములా? మాకది మొదటి సెమిస్టరు పాఠము. తాజమహలుకైనను శుక్రవారము సెలవే" అన్నది. నేను వ్యాకరణము చదివినవాడను. సూత్రమొక్కటి తెలియనందున ఎంత ప్రయాసపడితినో నాకు బోధపడినది. ఆమె చేతిలోని సూత్రము నాకు 1994లో తెలిసియున్న, ఆ పిల్లలు శిల్పములు చూచియుందురు.

ఇంకొక సంగతి. నేలపట్టు పక్షుల రక్షిత ప్రదేశము దొరవారిసత్రము మండలములో నున్నది. 2022లో జిల్లాలు విభజింపబడిన పిదప అది తిరుపతి జిల్లాలో చేరినది. అక్కడి చెఱువులోని కడపచెట్లపై గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు శీతకాలమున గూళ్లు కట్టుకొని పిల్లలను లేపును. సమీపమున పులికాటు సరస్సునకు రాజహంసలు వచ్చును. కళాశాలవారు విద్యార్థులను అక్కడికి పంపగా, నేనును మనుమరాలి వెంట పోయితిని. కట్టమీద కొందఱు యాత్రికులు గుమిగూడియుండిరి. నా కుత్సాహము కలిగి, హంస యను శబ్దమునకు వ్యుత్పత్తి చెప్పి, పాలను నీటిని వేఱుచేయు కవిసమయమును వివరించి, ఇరువది నిమిషములు ప్రసంగించితిని. తలయెత్తి చూచునప్పటికి మిగిలినవారు ఇద్దఱు. అందొకరు చెవుడుగల వృద్ధుడు.

మా మనుమరాలు చేసిన పని వేఱు. ఆమె మొదట త్రాగునీరెక్కడనున్నదో చెప్పినది. ముసలివారికి నీడను చూపినది. గూళ్లవద్ద బిగ్గఱగా మాటలాడిన తల్లిపక్షి లేచిపోవునని, అది లేచిన గ్రుడ్లకు ఎండ తగులునని రెండుమాటలలో చెప్పి, దుర్భిణిని మొట్టమొదట ఒక పండుముసలి చేతికిచ్చినది. ఆ యవ్వ గూటిలోని పిల్లను చూచి నోరు నొక్కుకొనుట నేను చూచితిని. అందఱును నిశ్శబ్దమైరి. నాకు తెలిసినది ఆమెకంటె ఎక్కువయే. వారికి అందినది ఆమె చెప్పినదే. వచ్చినవాని కన్ను, కాలు, దాహము, వయస్సు చూచి చెప్పుట కూడ ఒక శిక్షణయని అక్కడ గ్రహించితిని. అతిథి యను శబ్దమునకు తిథినియమము లేక వచ్చువాడని యర్థము చెప్పుదుము. తైత్తిరీయోపనిషత్తునందు గురువు చదువు ముగించిన శిష్యునకు చెప్పిన బుద్ధులలో అతిథిని దైవముగా చూడుమనునది యొకటి. నేనా వాక్యమునకు అర్థము ఎన్నిమాఱులో చెప్పితిని. మంచినీళ్లు మాత్రము చూపలేదు.

ఆ సాయంకాలము విద్యార్థులు కట్టక్రింది రైతును ప్రశ్నించిరి. పక్షుల రెట్టలు కలిసిన చెఱువునీరు పొలములకు ఎరువుగా నుపకరించుననియు, అందుచే తమ తాతలనాటినుండి ఎవరును పక్షులను కొట్టరనియు, అవి వచ్చుట శుభమని తమ నమ్మకమనియు ఆయన చెప్పెను. పిల్లలు ఆ మాటలను వ్రాసికొనిరి. ఒక స్థలము ఒకమాఱు ఎందఱిని మోయగలదు అను విచారము ఈ శాస్త్రమున ముఖ్యము. ఎడ్ల బండికి ఎన్ని బస్తాలు వేయవచ్చునో మీకు తెలియును. ఊరికి, చెఱువునకు, గుడికి గూడ అట్టి లెక్క యున్నది. 1980లో బట్లర్ అను పండితుడు ఒక ప్రదేశపు వయఃక్రమమును చూపెను. మొదట ఎవరో కొందఱు వెదకికొని వత్తురు. ఊరివారు సంతోషించి అన్నము పెట్టుదురు. తరువాత హోటళ్లు వెలయును, పిమ్మట పైవారి పెట్టుబడి వచ్చును, జనము క్రిక్కిఱియును. ఏ సొగసును చూడవచ్చిరో అది చెడును. వచ్చువారు వేఱొకచోటు వెదకికొందురు. ఊరివారికి మిగులునది ఎండిన బావి, ప్లాస్టిక్కు కుప్ప. జనసమ్మర్దమునకు తాళలేక ఇటలీలోని వెనిస్ నగరమువారు 2024 ఏప్రిలునుండి, కొన్ని దినములలో, పగలు చూచిపోవువారివద్ద 5 యూరోల ప్రవేశరుసుము పుచ్చుకొనుట మొదలిడిరి. దీనికి విరుద్ధముగా మన భూదాన్ పోచంపల్లి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ యెన్నిన ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటియైనది. అక్కడ చూడవచ్చునది ఇక్కత్తు నేత. నేతగాని మగ్గము ఆడినంతకాలమే ఆ పేరు నిలుచును. మన గ్రామములను గూర్చి ఇట్టి లెక్క చూచువాడు మన పిల్లవాడు కాకపోయిన, బయటినుండి ఎవడో వచ్చి చూచును. వానికి మన బావి లోతు తెలియదు.

ఇంతమాత్రమున ఇది బంగారుపంట యని నేను చెప్పబోను. చదువు ముగించినవారికి ప్రయాణపు ఏజెన్సీలలో, విమాన సంస్థలలో, హోటళ్లలో, ప్రభుత్వ పర్యాటక సంస్థలలో పని దొరకును. కాని ఆరంభమున జీతము స్వల్పము. జనులకు పండుగయైననాడు వీరికి పని హెచ్చు. రాత్రివేళ కొలువుండును. తాను తిరుగుటకంటె, ఒకచోట కూర్చుండి పరులను త్రిప్పుటే యధికము. గైడు కావలెనన్న పట్టమొక్కటి చాలదు. ప్రభుత్వపు అనుమతి వేఱుగా సంపాదింపవలెను. లోకమునకు తుమ్ము వచ్చిన మొదట మూతపడునది ఈ వ్యాపారమే. 2020 మార్చిలో మహమ్మారి కారణముగా రాకపోకలు నిలిచినప్పుడు నా శిష్యుని కారు నెలలకొలది కదలలేదు. వాడు కాయగూరలు అమ్ముకొని యిల్లు గడపెను. బాధ్యతయు గొప్పది. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరివద్ద గోదావరిలో మునిగి పలువురు మరణించిరి. వరదనాడు పడవ కదలరాదని చెప్పగల ధైర్యము, ప్రతివాని యొంటిమీదను రక్షణకవచము చూచినగాని లంగరెత్తని పట్టుదల, ఈ చదువునకు ప్రాణము. దానిని ఎందఱు నేర్పుచున్నారు, ఎందఱు నేర్చుచున్నారు అనునది నాకును శంకయే.

మోసములు గూడ గలవు. మా పొరుగూరి పిల్లవాడొకడు ఒక పట్టణములో, పేరు చెప్పను, ఒక సంస్థలో రెండేండ్లు రుసుము చెల్లించెను. ఆ సంస్థ గోడలమీద విమానముల బొమ్మలు, విదేశములలో ఉద్యోగములను వ్రాతలు ఉండెను. తుదకు వాని చేతికి వచ్చినది రంగులకాగితముపై అచ్చొత్తిన యోగ్యతాపత్రము. ఏ విశ్వవిద్యాలయపు ముద్రయు దానిపై లేదు. తండ్రి అరయెకరము పోయినది. చదువు నేర్పు కళాశాల వేఱు, పట్టమిచ్చు విశ్వవిద్యాలయము వేఱు అయియుండవచ్చునని మనలో పెక్కండ్రకు తెలియదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము వారు, అనగా యు.జి.సి. వారు, దొంగ విశ్వవిద్యాలయముల పట్టికను ప్రకటించుచుందురు. రుసుము కట్టకమునుపు దానిని ఎవరిచేతనైన చూపించుకొనవలెను.

ఇక అరుగుమీది సంగతి. నేనా రైతుతో, "నా మాటపై ఒక పిల్లవాని చదువు పాడైనది. కావున ఈమాఱు నేను కూడదని గాని, కావలెనని గాని చెప్పను. అమ్మాయిని తీసికొని, సెలవు కానినాడు నెల్లూరు పోయి, తరగతి జరుగుచుండగా చూడుడు. పట్టమెవరిత్తురు? నిరుటి పిల్లలు ఎక్కడ పనిచేయుచున్నారు, వారిలో ఇద్దఱితో మాటలాడనిత్తురా? పని నేర్చుటకు ఆడపిల్లలను ఏ యూరికి పంపుదురు, అక్కడ బస యెవరి పూచీ? ఏ భాష నేర్పుదురు? ఈ నాలుగును అడుగుడు. సమాధానము చెప్పుటకు విసుగుకొనిన లేచిరండు" అంటిని. బాలిక తలయెత్తి నావైపు చూచినది.

నాలుగుదినముల తరువాత ఆయన మరల వచ్చిరి. నేనడుగకమునుపే ఇట్లు చెప్పిరి: "అయ్యవారూ! నా ప్రశ్నలకు బదులు చెప్పిరి. పిమ్మట అక్కడి పంతులమ్మగారు మా పిల్లనొక ప్రశ్న అడిగిరి. మీ యూరికి ఎవరైన వచ్చిన ఏమి చూపుదువు అని. మా యూర చూచుటకేమున్నదని నేనంటిని. ఇది అరగంట చెప్పినది. చెఱువు తూముమీది రాతివ్రాత యట, పాతగుడి వెనుక వీరగల్లట, మా యమ్మ అలుకు ముగ్గులట. ఆ రాతిమీదనే నేను ముప్పదియేండ్లుగా కాళ్లు కడుగుకొనుచున్నాను. అది వ్రాతయని నాకు తెలియదు."

కొంతసేపు ఊరకుండి, దరఖాస్తు నింపుటకు మా మనుమరాలు ఆదివారము ఇంటనుండునా యని యడిగిరి.